మీకేమనిపిస్తోంది?

"బట్టలు వేశాను, మూత పెట్టాను. ఇప్పుడేం నొక్కాలండీ?" అడిగింది పళ్ల డాక్టరు.

"మీకేమనిపిస్తోంది?" అన్నాడతను, పెన్ను పట్టుకుని.

"ఈ గుండ్రటిది నొక్కాలనిపిస్తోంది."

"ఎందుకలా అనిపిస్తోంది?"

ఆమె నొక్కింది. వాషింగ్ మెషిన్ గుర్రుమని ఒళ్లు విరుచుకుని, కింద నుంచి నీళ్లు వదిలింది.

"నీళ్లు కారుతున్నాయి."

"నీళ్లు కారితే ఏం జరుగుతుందని ఆశిస్తారు?"

"మీరు కుర్చీలోంచి లేస్తారని ఆశిస్తాను."

అతను ఆ మాట శ్రద్ధగా రాసుకున్నాడు. లేవలేదు. నీళ్లు ఆమె చెప్పుల్ని పలకరించి, అతని బూట్ల క్షేమం కూడా కనుక్కున్నాయి.

తప్పు అతనిది కాదు, వృత్తిది. అతను యూజబిలిటీ డిజైనర్. కొత్త వస్తువు అమ్మకానికి వెళ్లకముందే, దాన్నెన్నడూ చూడని మనిషి చేతికిచ్చి, ఎక్కడ తికమకపడతారో గమనించడం అతని పని. సాయం చేయకూడదు. ప్రశ్న వేస్తే తిరిగి ప్రశ్నే వేయాలి. మొదట్లో అతను ఆఫీసులో కూర్చుని మీటల మీద బొమ్మలు గీసేవాడు. ఒకసారి ఒక పెద్దావిడ టికెట్ మెషిన్ ముందు నిలబడి, "నాకు బుర్ర లేదు నాయనా" అని తనను తానే తిట్టుకోవడం చూశాడు. అప్పుడే బొమ్మలు వదిలి, మనుషుల పక్కన కుర్చీ వేసుకున్నాడు.

పోనుపోను ఆ నియమం నాలుకకు అంటుకుపోయింది. వాళ్లమ్మ ఫోన్ చేసి "తిన్నావురా?" అంటే, "నీకేమనిపిస్తోందమ్మా?" అనేవాడు.

"నా కర్మ అనిపిస్తోందిరా," అని ఆవిడ ఫోన్ పెట్టేసేది.

పగలంతా మింగిన జవాబులు సాయంత్రానికి కడుపు ఉబ్బించేవి. అందుకే బ్లాగు మొదలుపెట్టాడు. ఇంటికెళ్లగానే జవాబులన్నీ అందులో దించుకునేవాడు. మధ్యమధ్య తనకిష్టమైన ఫోటోలు పెట్టేవాడు. ఎన్నో చేతులు తగిలి నునుపెక్కిన తలుపు పిడులు, ఎవరో దయగల మనిషి "ఇటు లాగండి" అని రాసి అంటించిన కాగితం ముక్కలు.

పరీక్షకు వచ్చినవాళ్లకు వెళ్లేటప్పుడు బ్లాగు చిరునామా ఇవ్వడం అతని అలవాటు. ఆ సాయంత్రం ఇలా రాశాడు: "ఇవాళ ఒకరు అడిగినదానికి జవాబు, పక్క మీట. తప్పు ఆవిడది కాదు, మీటది. చెప్పులు ఆరాయా?"

కింద ఒక వ్యాఖ్య వచ్చింది. "మీకేమనిపిస్తోంది?"

ఆ తర్వాత వానసాయంత్రాల్లో ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచారు. గొడుగు ఎప్పుడూ ఆమె వైపే ఒరిగి ఉండేది. అతని ఎడమ భుజం ఆ వానాకాలమంతా ఆరలేదు.

"తడుస్తున్నారు కదా," అనేదామె.

"తడిస్తే ఏమవుతుందనుకుంటున్నారు?"

ఆమె నవ్వేది. భుజం చెప్పిన జవాబు ఆమెకు అర్థమవుతూనే ఉండేది. కానీ భుజం సాక్ష్యాన్ని ఇంట్లో ఎవరొప్పుకుంటారు?

ఆమె తండ్రి క్లినిక్ ముందుగదిలో కూర్చుని అపాయింట్‌మెంట్లు చూసేవాడు. ఒకరోజు అతణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి సూటిగా అడిగాడు.

"మా అమ్మాయంటే ఇష్టమేనా బాబూ?"

"మీకేమనిపిస్తోందండీ?"

నోరు జారాక నాలుక కరుచుకుని ఏం లాభం?

"పొగరనిపిస్తోంది," అన్నాడు పెద్దాయన.

ఆమె వెనకాలే మెట్ల దాకా వచ్చింది. "నాన్న వేరే సంబంధం చూస్తానంటున్నారు. సరేననమంటారా?"

"మీకే..." అని మొదలుపెట్టాడు పాపం.

ఆమె చెయ్యెత్తి ఆపింది. "బ్లాగులో రాస్తే చదవను. నాకు జవాబు ఎదురుగా కావాలి."

ఇంట్లో అద్దం ముందు నిలబడి "ఇష్టం, ఇష్టం" అని సాధన చేశాడు. చివర్లో అద్దాన్నే "నీకేమనిపిస్తోంది?" అని అడిగి, తలపట్టుకున్నాడు. దేవుడు దయామయుడు. తెల్లారేసరికి దవడ బూరెలా ఉబ్బింది.

క్లినిక్‌లో అతని బుగ్గ చూసి పెద్దాయన లోపలి తలుపు చూపించాడంతే.

కుర్చీకెదురుగా గోడ మీద "నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తండి" అని ఉంది. ఆమె అతని నోట్లో దూది కుక్కింది. చిన్న అద్దం పెట్టింది. ఉబ్బిన చోట పరికరం ఆనించి, ముందుకు వంగింది.

"పన్ను సంగతి తర్వాత. ఇప్పుడు మీరు ఎదురు ప్రశ్న వేయలేరు. నేనంటే ఇష్టమైతే కుడి చెయ్యెత్తండి. లేకపోతే ఎడమది."

అతను రెండు చేతులూ ఎత్తాడు.

ఆమె ముఖం వాడిపోయింది. మెల్లగా దూది తీసింది. "రెండూ ఏమిటి?"

"కుడిది మీరడిగినదానికి. ఇష్టం. చాలా ఇష్టం." ఆ మాట అంత తేలిగ్గా వచ్చినందుకు అతనే ఆశ్చర్యపోయాడు. "ఎడమది నొప్పికి. కాదనడానికీ నొప్పికీ ఒకే చెయ్యి పెడితే ఎలాగండీ? తప్పు నాది కాదు, డిజైన్‌ది."

అప్పుడే తండ్రి తలుపు తీశాడు. అతని చేతులింకా పైనే ఉన్నాయి.

"ఏంటమ్మా, కుర్రాణ్ణి దోచుకుంటున్నావా?"

"ఇష్టమేనండీ," అన్నాడతను, ఎవరూ అడగకుండానే. "అప్పుడు మీరడిగినదానికి జవాబు."

పెద్దాయన కాసేపు అతని తడి కళ్లనీ, వాచిన బుగ్గనీ చూశాడు. "నువ్వూ ఆవేళ నన్నొకటి అడిగావు. నాకేమనిపిస్తోందని." కుర్చీ చేతి మీద అరచెయ్యి ఆనించాడు. "అమ్మాయి వాళ్లమ్మ పోయినప్పటి నుంచి మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఇక తగ్గవనిపిస్తోంది. చేతులు దించు నాయనా, ముందు ఆ పన్ను పీకనీ."