ఇద్దరికీ కలిపి ఒక్క ఓటు

ఆ గ్రంథాలయంలో ఒకే ఒక్క మెంబర్‌షిప్ ఖాళీ అయిన రోజున ఆమే, అతనూ ఒకేసారి తలుపు తోసుకుని వచ్చారు. ఎవరిని కాదన్నా పాపమేనని సెక్రటరీ ఆంటీ దాన్ని ఇద్దరి పేరా రాసేసింది. ఉమ్మడి సభ్యులకు పుస్తకాలు ఎవరివి వాళ్లకే ఇస్తారు, ఓటు మాత్రం ఒక్కటే. చేతులు చెరో పక్కకి లేస్తే ఆ ఓటు చెల్లదు.

ముక్కూమొహం తెలియని మనిషితో ఓటు పంచుకోవడమేమిటని ఆమె మొదట్లో గింజుకుంది. పైగా ఆ కళ్లజోళ్ల షాపు అబ్బాయి సాయంత్రాలు గ్రంథాలయం వెనక గదిలో వయొలిన్ నేర్చుకునేవాడు. ఆమె అక్కడే అకౌంట్స్ పరీక్షకి చదువుకునేది. ఇంట్లో అక్క కవలపిల్లలు ఇల్లు పీకి పందిరేస్తుంటే ఇంక చదువెక్కడ సాగుతుంది?

"రంపం గారూ, కాస్త ఆపుతారా?" అనేది.

"ఇంకొక్క పేజీనండీ, ష్ గారూ."

పోట్లాట చివరికి మీటింగుకెక్కింది. వెనక గది చదువుకా, సంగీతానికా? ఆమె ఆ పరీక్ష రెండుసార్లు తప్పింది, మూడోసారి తప్పితే ఆఫీసులో ప్రమోషన్ మాట మరిచిపోవాల్సిందే. అతని ఇంటి ఓనరేమో వయొలిన్ వినపడితే ఇల్లు ఖాళీ చేయమన్నాడు.

వారమంతా వాదించుకున్నారు. వాదించడానికే ఆమె రోజూ ముందుగా రావడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకరోజు వాన పడి అతను రాలేదు. పుస్తకం తెరిచిన పేజీలోనే ఉండిపోయింది.

ఆదివారం ఆమె ముందు వరసలో కూచుంది, వెనక్కి తిరగకూడదని గట్టిగా అనుకుని. చదువుకోసం చేతులెత్తమన్నప్పుడు కదల్లేదు. సంగీతానికనగానే ఎత్తింది. హాలంతా గొల్లుమంది.

"ఆ అబ్బాయి చదువుకెత్తాడు, నువ్వు సంగీతానికెత్తావు" అంది ఆంటీ, నవ్వాపుకుంటూ. "మీ ఓటు చెల్లలేదు. మిగతావి సరిసమానం. వరండాలోకెళ్లి ఇద్దరూ ఒక్క మాట మీదకి రండి. మేం కూచునే ఉంటాం."

బయట జల్లు పడుతోంది.

"మీకేమైనా పిచ్చా? ఆ గది పోతే ఎక్కడ వాయిస్తారు?"

"మీరు మళ్లీ తప్పితే ఆ పాపం నా రంపానికి చుట్టుకుంటుంది. మరి మీరెందుకెత్తారు?"

"మొన్న మీరు రాలేదుగా. గది ఎంతో ప్రశాంతంగా ఉంది. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు."

అతను కళ్లజోడు తీసి తుడిచాడు. "అంటే నా వయొలిన్ అంత బాగుందా?"

"ఘోరంగా ఉంది. మీరు బాగున్నారు."

అనేశాక ఆమెకి చెవులు వేడెక్కాయి. అతను కళ్లజోడు తుడుస్తూనే ఉండిపోయాడు.

"మీ పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నా" అన్నాడు చివరికి. "మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమెకు ఎక్కడలేని సంతోషం కలిగింది.

"అయితే గది చదువుకే ఇద్దాం. మా డాబా మీద గది ఉంది, మీరక్కడ వాయించుకోండి. పిల్లల గోలలో మీ రంపం ఎవరికీ వినపడదు."

"ఈ మాట ముందే అనొచ్చుగా?"

"మిమ్మల్ని ఎందుకు పిలిచానో ఇంట్లో చెప్పాలిగా."

"ఇప్పుడేం చెబుతారు?"

"ఉన్నదే చెబుతా. అమ్మ ముందు గొణుగుతుంది, తర్వాత మీకేం వండాలని అడుగుతుంది."

లోపలికి వచ్చి అతని చెయ్యి పట్టుకుని తనే పైకెత్తింది. గది చదువుకే దక్కింది.

"ఇంకో మెంబర్‌షిప్ ఖాళీ అయిందర్రా" అంది ఆంటీ. "ఒకరు విడిగా తీసుకోండి. ఎవరి ఓటు వాళ్లకుంటుంది, ఈ గొడవ ఉండదు."

"ఇంకెవరికైనా ఇవ్వండి ఆంటీ" అంది ఆమె, ఆ చెయ్యి వదలకుండా. "మా ఇద్దరికీ ఒక్కటి చాలు."