జిగురు గదిలో బిగించే చప్పుడు

ఆ ఫర్నిచర్ కార్ఖానా వెనక ఉన్న జిగురు గదికి మంచి పేరు లేదు.

పగలు చూస్తే మామూలు గదే. పొడుగాటి బల్ల, గోడకు వేలాడే క్లాంపులు, మూలన రంపపు పొట్టు. చెక్కలకు జిగురు రాసి, అతికించి, క్లాంపులతో బిగించి రాత్రంతా అక్కడ వదిలేస్తారు. తెల్లారేసరికి గట్టిపడతాయి. కానీ చీకటి పడితే మాత్రం... ఎవరూ లేని ఆ గదిలోంచి కిర్ర్... కిర్ర్... మని మర తిప్పుతున్న చప్పుడు వస్తుందట. ఎప్పుడో ఒక వడ్రంగి చేతిలో క్లాంపు ఉండగానే ఆ బల్ల మీదికి ఒరిగిపోయాడట. అప్పటినుంచీ రాత్రిళ్ళు వచ్చి, ఎవరి అతుకు వదులుగా ఉందో చూసుకుని పోతుంటాడని అక్కడివాళ్ళ మాట.

నేను ఇలాంటివి నమ్మే రకం కాదు. ఆరే చెక్క టక్కుమంటుంది, చల్లారే ఇనుము మూలుగుతుంది, పిరికివాడికి రెండూ దెయ్యాలే. కానీ ఈ సంగతి చెప్పింది మా చిన్నత్త. ఎలుక కనిపిస్తే చీపురు తీసుకుని వెంటపడే మనిషి. అందుకని ఆవిడ చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

చిన్నత్త ఆ కార్ఖానాలోనే పనిచేసేది. సన్నపని ఏదున్నా ఆవిడకే ఇచ్చేవారు. సాయంత్రం అందరూ వెళ్ళాక తలుపులు వేసేదీ ఆవిడే. ఒక తాళంచెవి ఆవిడ దగ్గర, రెండోది పెద్దమేస్త్రీ దగ్గర ఉండేవి.

ఒకరోజు పెద్దమేస్త్రీ ఒక భోజనాల బల్లకి పైచెక్క అతికించాడు. తన చేత్తోనే క్లాంపులన్నీ బిగించి, "రేపు పొద్దున నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకండి," అని చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే చిన్నత్తకి సొంత పని తగిలింది. ఇంటికోసం ఒక స్టూలు చేసుకుంటోంది. దానికి క్లాంపులు కావాలి. చూస్తే, ఉన్నవన్నీ ఆ బల్లకే ఉన్నాయి.

పట్టేసే ఉంటుందిలే అనుకుంది. నడిమివి మాత్రం విప్పి స్టూలుకి బిగించుకుంది. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేసింది. మూడో కంటివాడికి తెలియలేదు.

బల్ల కొన్నవాళ్ళింట్లో నలుగురూ కూర్చుని తింటుండగా అది నడిమికి చీలింది.

వెనక్కి తెచ్చి కార్ఖానాలో పడేశారు. ఓనరు అందరి ముందే అన్నాడు, "మేస్త్రీ, నీ చేతిలో పట్టు పోయింది." పెద్దమేస్త్రీ వంగి, చీలిక పొడుగునా బొటనవేలు జరిపి చూశాడు. "పోయినట్టే ఉందండీ," అన్నాడు మెల్లగా. ఇక పని మానేస్తానని మర్నాడు తనే చెప్పాడు. ఓనరు ఉండమనలేదు.

చిన్నత్త పక్కనే ఉంది, పాలిష్ గుడ్డ చేత్తో పట్టుకుని... తేలు కుట్టిన దొంగలా. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండిపోయింది. చెబితే ఉద్యోగం పోతుందని భయం. అంతకన్నా, ఆయన తనకేసి చూసే చూపు మారిపోతుందని భయం. పని నేర్పింది ఆయనే మరి.

ఆ కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా పని మానేసి వెళ్తుంటే, అందరూ కలిసి దిగిన ఫొటో ఒకటి ఫ్రేము కట్టి ఇస్తారు. ఆ ఫ్రేము మిషను మీద కొయ్యకూడదు, ఒక్క మేకు కొట్టకూడదు. అంతా చేతిపనే. అది ఎవరు చెయ్యాలన్న మాట వచ్చేసరికి అందరూ చిన్నత్తకేసే చూశారు.

"నాకొద్దు, ఇంకెవరికైనా ఇవ్వండి," అంది.

"అబ్బో, బతిమాలించుకుంటోంది," అని నవ్వారు.

చేసింది. బాగా ఆరిన చెక్క ఏరుకుని, చిత్రిక పట్టి, అద్దానికి గాడి తీసి, మూలలు ఏటవాలుగా కోసి... అరిగిపోతుందేమో అన్నంతగా ఉప్పుకాగితం రుద్దింది. చూసినవాళ్ళు ఎంత నేర్పో అన్నారు. నేర్పు కాదురా, చేసిన తప్పుని రుద్దుతున్నాను, అది పోతేగా — అంది నాతో.

రేపు వీడ్కోలనగా, సాయంత్రం నాలుగు మూలలకీ జిగురు రాసి, బిగించి, ఇంటికి వచ్చేసింది. పడుకుంటే నిద్ర లేదు. నాలుగో మూల సరిగ్గా బిగించానా... లేదా? లేచి చెప్పులేసుకుంది.

"ఇప్పుడెక్కడికే? ఆ గదికా?" అన్నాడు మామయ్య దుప్పట్లోంచి. "దెయ్యం నిన్ను చూసి జడుసుకుంటుంది పాపం, పొద్దున వెళ్ళు."

వినలేదు.

వీధిలో కరెంటు పోయి ఉంది. ముందు తలుపు తాళం తీసి, చీకట్లో బల్లలు తడుముకుంటూ వెనక్కి నడిచింది. సగం దూరం వెళ్ళిందో లేదో —

కిర్ర్...

ఆగిపోయింది.

కిర్ర్... కిర్ర్...

జిగురు గది తలుపు ఓరగా తెరిచి ఉంది. పైకిటికీలోంచి పడుతున్న పలచటి వెన్నెల్లో ఎవరో అటు తిరిగి బల్ల మీదికి వంగి ఉన్నారు. వంగిన వీపు... చెవి వెనక పెన్సిలు... చేతి కింద తన ఫ్రేము. నాలుగో మూల క్లాంపు మెల్లగా, చాలా మెల్లగా తిప్పుతున్నారు.

కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. మరుక్షణం ఊపిరి వదిలింది. ఇంకెవరు? పెద్దమేస్త్రీ! ఆయన దగ్గరా తాళంచెవి ఉందిగా. ఆఖరిసారి గది చూసుకోవడానికి వచ్చి ఉంటాడు.

"మేస్త్రీగారూ..." అంది గుసగుసగా.

తిరగలేదు. అదీ మంచిదే అనిపించింది. మొహం కనిపిస్తే నోరు పెగిలేది కాదు. గడప అవతలే నిలబడి మొత్తం కక్కేసింది. బల్ల, స్టూలు, విప్పిన క్లాంపులు, పొద్దున్నే దొంగతనంగా మళ్ళీ పెట్టడం... ఏడుస్తూనే చెప్పింది.

ఆ చేతులు ఆగాయి.

"తెల్లారేదాకా విప్పకు," అంది ఒక గొంతు. గొంతు కూడా కాదు, చెక్క మీద ఉప్పుకాగితం రాసినట్టు.

అంతే. అదే క్షమించడం అనుకుంది. కళ్ళు తుడుచుకుని, ఆయన్ని ఆయన పనికి వదిలేసి ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు టీలు తాగాక ఫ్రేము ఇచ్చారు. పెద్దమేస్త్రీ దాన్ని వెలుతురుకి పెట్టి మూలలు చూశాడు. వెంట్రుకవాసి సందు లేదు.

"నాకంటే బాగా చేశావమ్మా," అన్నాడు.

"నాదేముందండీ," అంది చిన్నత్త నవ్వుతూ. ఎన్నాళ్ళకో మనస్ఫూర్తిగా నవ్వింది. "రాత్రి మీరొచ్చి బిగించబట్టే కదా."

"నేనా?"

"నేను... చెప్పాను కదా మీకు... అక్కడ..."

పెద్దమేస్త్రీ అయోమయంగా చూశాడు. "రాత్రి నేను ఊళ్ళో ఎక్కడున్నానమ్మా? మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళాను. ఇందాకే బస్సు దిగి ఇటే వచ్చా. తాళంచెవి కూడా మానేస్తానన్న రోజే ఓనరుగారికి ఇచ్చేశానే."

"నా సొరుగులోనే ఉంది," అన్నాడు ఓనరు.

కొందరు ఆ వెనక గది వైపు చూశారు. ఒకడు చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. కానీ పెద్దమేస్త్రీ ఆ గది వైపు చూడలేదు. ఆవిడనే చూస్తున్నాడు.

"ఏం చెప్పావమ్మా నాకు?"

పట్టపగలు. అందరూ ఉన్నారు. ఓనరు ఉన్నాడు. ఆయన మొహం ఎదురుగా ఉంది. ఈసారి ఏడుపు కూడా సాయం రాలేదు.

"బల్ల క్లాంపులు ఆ రాత్రి విప్పింది నేనండీ," అంది. "మీ తప్పు లేదు."

ఓనరు లేచి ఏదో అనబోయాడు. పెద్దమేస్త్రీ చెయ్యెత్తి ఆపాడు. ఆయన కోప్పడతాడని చిన్నత్త ఎదురుచూసింది. కోప్పడితే బాగుండునని ఇప్పటికీ అంటుంది. ఆయన ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ ముందుకి చాచి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అయితే ఇవి బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు. తర్వాత ఎవరికేసీ చూడకుండా అన్నాడు, "నిన్న మా మనవడు చెక్కగుర్రం చేసిపెట్టమని ఒకటే ఏడుపు... తాతకి చేతకాదురా అని చెప్పి వచ్చానమ్మా."