మాస్కుకి కాజా

ఉతికిన మాస్కుని దులిపి తీగమీద వేయబోయి ఆమె ఆగిపోయింది. సరిగ్గా నోటి దగ్గర చిల్లు! ఎలుక కొట్టింది కాదు, మేకు తగిలి చిరిగిందీ కాదు. చుట్టూ దగ్గరదగ్గరగా దారం తిప్పి, రెండు కొసలా టాకాలు వేసి, పెళ్లికొడుకు చొక్కాకి కుట్టినంత నేర్పుగా కుట్టిన కాజా... గుండీ ఒక్కటే తక్కువ. దానిమీద చిన్న గుడ్డముక్క మూతలా వేలాడుతోంది. ఎత్తి చూస్తే కాజా అంచులు గోధుమరంగుకి తిరిగాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన వెనకాల సిగరెట్టు వాసన.

ఇంట్లోవాళ్ల మాస్కులు కలిసిపోకుండా ఒక్కొక్కరికి ఒక్కో రంగు అంచు వేసింది తనే. దీనిది నీలం అంచు, తన భర్తది. అన్నయ్య పోయిననాడు ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి "ఇక ముట్టను" అని మాటిచ్చిన మనిషిది!

ఈ మహమ్మారి సోకి అన్నయ్యతోపాటు ఆ వార్డులో చేరినవాళ్లు చాలామంది లేచి ఇళ్లకి నడిచారు. అన్నయ్య లేవలేదు. "ఇన్నేళ్ల పొగ ఊపిరితిత్తుల్ని ముందే తినేసిందమ్మా, జబ్బుతో పోట్లాడటానికి లోపల ఏం మిగల్లేదు" అంది డాక్టరమ్మ. అద్దం అవతల, ఒడ్డున పడ్డ చేపలా అన్నయ్య గాలికోసం కొట్టుకోవడం ఆమె కళ్లారా చూసింది. పొగ తాగేవాడు తన ఊపిరినే తగలేసుకుంటున్నాననుకుంటాడు. పచ్చి అబద్ధం! పక్కన పడుకున్న ఆడది ఆ ఊపిరి వింటూ నిద్రకి దూరమవుతుంది. ఆ లెక్క ఎవడు చూస్తాడు?

మొగుడి అబద్ధం ఒక దెబ్బ. అంతకంటే పెద్ద దెబ్బ ఆ కుట్టు. కొసన ముడి కనపడకుండా దారాన్ని లోపలికి దాచే చెయ్యి ఈ ఇంట్లో ఒక్కటే ఉంది. ఆమెకి మిషను నేర్పిన చెయ్యి... మామగారిది.

ముందుగదిలో మామగారు పాత చొక్కాల గుండీలు ఊడదీస్తున్నారు. భర్త బేకరీ వ్యాను తాళాలు జేబులో వేసుకుని బయల్దేరబోతున్నాడు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి మాస్కుని ముసలాయన ఒళ్లో పడేసింది.

"మామయ్యా, ఇది ఏ గుండీకి కుట్టారు?"

ఆయన కత్తెర కిందపెట్టారు.

"చెప్పండి నాన్నా" అన్నాడు కొడుకు నేలచూపులు చూస్తూ.

"నువ్వే చెప్పరా. తాగింది నువ్వు."

"కుట్టింది మీరు."

"బాగుంది. దొంగలిద్దరూ ఒకరినొకరు పట్టిచ్చుకుంటున్నారు" అంది ఆమె.

ముసలాయన మాస్కుని చేతిలోకి తీసుకున్నారు. "వీడు మానలేదని తెలిసిందమ్మా. పదిమంది మధ్య మాస్కు గడ్డం కిందకి లాగి తాగుతున్నాడు. జబ్బు అంటించుకుంటాడేమోనని భయమేసింది. తియ్యకుండానే తాగుతాడు కదా అని... మూత కూడా పెట్టాను."

"మూత కూడానా! గొడుగుకి చిల్లు పెట్టి, తడవకుండా దానికో రెక్క కుట్టినట్టుంది. మా అన్నయ్యని ఒక్క జబ్బే చంపిందా మామయ్యా? పొగ సగం చంపి ఇస్తే, మిగతాది జబ్బు చూసుకుంది."

"ఎప్పుడో ఒకటి తాగితే ఇంత రాద్ధాంతమా?" అన్నాడు భర్త. "నేను నిక్షేపంలా ఉన్నాను."

ఆమె మిషను దగ్గరికి నడిచి, సూది కింది పలక తీసింది. పొద్దుటి కుట్టుకి అక్కడ గుడ్డ నూగు పేరుకుని ఉంది. "నేను ఒక్క ఊపుకి ఎగరగొడతాను. నిక్షేపంలా ఉన్నారుగా, ఊదండి."

నవ్వుతూ వంగి ఊదాడు. నూగు కదిలింది, లేవలేదు. మళ్లీ ఊదుదామని గాలి పీల్చబోయేసరికి దగ్గు... ఆగదే! గోడ పట్టుకున్నాడు, మొహం కందిపోయింది, తాళాలు జారి కిందపడ్డాయి.

ముసలాయన కొయ్యబారిపోయారు. "ఈ దగ్గు నాకెప్పుడూ వినపడలేదేంరా?"

"మీ ముందు... బిగబట్టుకునేవాణ్ణి నాన్నా."

తాళాలు ఏరుకుంటూ అతనే అన్నాడు. "మానాలనే ఉందే. వ్యానులో ఒక్కణ్ణే ఉంటాను. బావ గుర్తొస్తాడు. చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది."

ఆమె కోపం ఒక్కసారిగా నీరుకారిపోయింది. తనకి తన దుఃఖమే కనపడింది ఇన్నాళ్లూ, అతనికీ ఒకటుందని తను చూడనే లేదు...

మామగారు సూదితో కాజా విప్పబోయారు.

"విప్పితే చిల్లు పోతుందా మామయ్యా?"

"పోదు. కోసిన కాజా మూసుకోదు." ఆయన మాస్కుని కత్తెరతో నిలువునా కోసేశారు. "కొత్తది నువ్వు కుట్టమ్మా. నా చేతిమీద నాకే నమ్మకం పోయింది."

భర్త జేబులోంచి పెట్టె తీసి ఆ ముక్కలమీద పడేశాడు. మళ్లీ మాటివ్వబోతే ఆమె ఆపింది. "మాట వద్దు, ఒకసారి ఇచ్చారుగా. డాక్టరమ్మ దగ్గరికి పదండి, మానడానికి మందులున్నాయట. రోజూ పొద్దున్నే ఈ నూగు మీరే ఊదాలి."

తర్వాత రోజులు తేలిగ్గా పోలేదు. చిరాకులు, కసుర్లు, వ్యాను దగ్గర మధ్యలో ఒక తప్పటడుగు, అది తనంతట తనే వచ్చి ఒప్పుకోవడం... అన్నీ అయ్యాయి. వీధిలో అంబులెన్సులు తిరుగుతూనే ఉన్నాయి.

ఒక పొద్దున అతను వంగి ఊదాడు. నూగంతా ఒక్కసారే లేచి, ఎదురుగా కూర్చున్న ముసలాయన కళ్లద్దాలమీద వాలింది. అద్దాలు తుడవబోయిన కోడలి చేతిని ఆయన ఆపేశారు.

"ఉండనీమ్మా" అన్నారు. "కాసేపు ఉండనీ."