గురువారం నూనె వాసన

గురువారం మధ్యాహ్నం నరీన్ ఊరి బాయిలర్ హౌస్‌లో సర్వర్‌కి అప్‌డేట్లు వేశాను. చలికాలం ఊళ్లోని ఇళ్లన్నిటికీ వేడినీళ్లు పంపేది మేమే. ఆ పంపులన్నిటినీ నడిపేది సర్వర్ లోపల ఉండే ఒక వర్చువల్ మెషిన్. దాన్ని తయారుచేసిన సపార్ అన్న ఈ మధ్యే తన ఫ్లాట్‌లో ఒంటరిగా పోయాడు. ఆయనకి నా అన్నవాళ్లెవరూ లేరు. ఫ్లాట్‌కి తాళం వేసింది నేనే.

అప్‌డేట్ల తర్వాత సర్వర్ లేచింది. మెషిన్ లేవలేదు. డిస్క్‌ని ఇంకెవరో వాడుతున్నారని ఒకటే మొండి మాట. ఎవరు వాడతారు, నా మొహం? వాడుకలో ఉందని గుర్తుగా పడే లాక్ ఫైలు తీసేశాను. సర్వర్ ఆపి మళ్లీ వేశాను. నా కళ్లముందే లాక్ ఫైలు మళ్లీ పుట్టింది. పాత కాపీ పెట్టి చూసినా అంతే.

పొద్దు గుంకింది. పైపుల్లో నీటి చప్పుడు సన్నబడింది. పసిపిల్లలు చల్లబడిపోతున్నారని ప్రసూతి వార్డు నుంచి ఫోన్ మీద ఫోన్. నాకు ఏడుపొక్కటే తక్కువ.

బాయిలర్ మేస్త్రి నుర్గాజీ బాబాయ్ గుమ్మంలో నిలబడ్డాడు. "బెగిమాయ్, సపార్ పేరు మీద ఎవరైనా నూనె కాచారా?"

పోయినవాళ్ల కోసం గురువారం నూనెలో బొర్సోక్ అనే పిండి ముక్కలు వేయిస్తాం. ఆ వాసనే వాళ్లకి తిండి. సపార్‌కి ఎవరూ వేయించలేదు. ఇంకో రోజైతే బాబాయ్‌ని ఆటపట్టించేదాన్ని. ఆ పూట వెళ్లి కరెంటు పొయ్యి తెచ్చాను. ఆయన ఇంటి నుంచి పిండి ముద్ద తెప్పించాడు. బొర్సోక్ పొంగాక పేరు తలచి, నీకు చేరాలి అనాలి. అంతే అనాలి. కంగారులో నోరు జారింది.

"రా అన్నా, వచ్చి తిను. ఆ డిస్క్‌ని వదిలెయ్."

బాబాయ్ చేతిలో గరిటె ఆగిపోయింది. "రమ్మన్నావేంటి అమ్మాయ్..."

లాక్ పోయింది. మెషిన్ లేచింది. పైపులు దడదడలాడాయి. వార్డులో గోడలు వెచ్చబడుతున్నాయని నర్సు ఫోన్ చేసి చెప్పింది. నా ప్రాణం కుదుటపడింది.

తెర మీద ఊరి ఉష్ణోగ్రతలు ఒక్కొక్కటే వచ్చాయి. ఇళ్లన్నీ ఇంకా చల్లగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. సపార్ ఫ్లాట్. ముప్పై ఆరున్నర డిగ్రీలు... మనిషి ఒంటి వేడి. ఆ ఇంటికి వేడినీళ్లు ఆపేసి నెల దాటింది.

ఆ అంకె అక్కడ పడిపోయింది. అదే అంకె మెట్ల దగ్గరి సెన్సర్‌లో వచ్చింది. తర్వాత బడి దగ్గర. వంతెన దగ్గర... మా గేటు దగ్గర.

"ఆపకు బాబాయ్," అన్నాను. "వాసన అందుతుంటే లోపలికి రాడేమో... వేయిస్తూనే ఉండు."

తలుపు అవతల ఎవరో బూట్లకంటిన మంచు దులుపుకుంటున్నారు. తీరిగ్గా.

బాబాయ్ ఖాళీ గిన్నె నాకేసి వంచాడు.

"పిండి అయిపోయింది, అమ్మాయ్."