మాడిందంటే ఇష్టమన్నవాడు

ఆదివారం మధ్యాహ్నం బయట వాన పట్టుకుంది. లోపల బల్లల మధ్య మాంసం తిరగడం మొదలైంది.

ఆ హోటల్ పద్ధతే వేరు. బ్రెజిల్ వాళ్ళ పద్ధతట. ఇది కావాలి, అది కావాలి అని చెప్పే పని లేదు. మన ముందు ఒక గుండ్రటి అట్టబిళ్ళ పెడతారు. దాని పచ్చవైపు పైకి ఉన్నంతసేపూ నిప్పుల మీద కాల్చిన మాంసం చువ్వలు పట్టుకుని మనుషులు వస్తూనే ఉంటారు. చువ్వ మన పళ్ళెంలో నిలబెట్టి, అడిగినచోట కోస్తారు. ఎర్రవైపు తిప్పితే తప్ప వదలరు.

బల్ల చుట్టూ నలుగురు. విందు ఇస్తున్నది లాయరు, అతని భార్య టీచరమ్మ. తింటున్నది పళ్ళ డాక్టరమ్మాయి, ఆమెకి ఎదురుగా సర్వేయరు. ఎనిమిదేళ్ళ కిందట చదువుకునే రోజుల్లో ఈ నలుగురూ ఒకే మేడ మీద అద్దెకుండేవాళ్ళు. ఆడపిల్లల గది ఇటు, మగపిల్లల గది అటు, మధ్యలో అందరికీ ఒక్కటే వంటిల్లు. వంట వంతులవారీగా. లాయరూ టీచరమ్మా ఆ వంటింట్లోనే ఉల్లిపాయలు తరుగుతూ ప్రేమించుకుని, ఉల్లిపాయలు అయిపోయేలోగా పెళ్ళి చేసుకున్నారు. మిగతా ఇద్దరి సంగతి అప్పుడెక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది.

ఇది డాక్టరుకి వీడ్కోలు విందు. రైల్లో పగలూ రాత్రీ కూర్చుంటే తప్ప రాని ఊళ్ళో పెద్దాసుపత్రి ఉద్యోగం వచ్చింది. రేపు పొద్దున ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టి పంపాలి. ఈలోగా నోరు విప్పకపోతే ఇక ఈ జన్మకి లేదని సర్వేయరుకి తెలుసు. నెల్లాళ్ళుగా పొలాల్లో కొలతలు తీస్తూ, గట్లకి చెప్పి చెప్పి మాటలు కంఠతా పట్టాడు. ఆమె ఎదురుగా కూర్చోగానే సగం మర్చిపోయాడు.

మొదటి చువ్వ వచ్చింది. ఎక్కడ కొయ్యమంటారని అడిగితే, అతను నోరు తెరిచేలోగా డాక్టరే చెప్పేసింది.

"ఆయనకి ఆ చివర మాడిన ముక్క వెయ్యండి. బాగా నల్లగా ఉన్నది."

నల్లటి అంచు పళ్ళెంలో పడింది. తిన్నాడు. తర్వాత మేకమాంసం వచ్చింది, ఆ తర్వాత కోడి తొడలు. ప్రతిసారీ ఆమె బొగ్గయిన చోటు వెతికి మరీ చూపించింది. ప్రతిసారీ అతను తిన్నాడు.

అది చూసి టీచరమ్మకి పాతరోజులు గుర్తొచ్చాయి. మంగళవారం, శుక్రవారం డాక్టరు వంతు. ఆ రెండ్రోజులూ వీధి మొదట్లోనే మాడు వాసన తగిలేది. ఓసారి కింద వాటా ఆయన బిందెతో నీళ్ళు పట్టుకుని పైకి పరిగెత్తుకొచ్చాడు. లాయరు పైపైన కెలికి లేచిపోయేవాడు. ఒక్క సర్వేయరు మాత్రం గిన్నె అడుగు గీక్కుని తినేవాడు, మాడిందంటేనే నాకిష్టం అంటూ. చెప్పుకుని చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ ఇరుకు వంటిల్లు, ఆ ఒక్క కిటికీ, అందులోంచి జల్లు కొట్టే వాన, అన్నీ ఆ బల్ల మీదికి వచ్చి కూర్చున్నట్టయింది.

నాలుగో చువ్వ వచ్చింది. డాక్టరు వేలు చాపింది. ముందు ఒక చిన్న నిజం చెబితే పెద్దది దానంతటదే వస్తుందనుకున్నాడో ఏమో, సర్వేయరు పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. మాడింది నాకు పడదు."

లాయరు మెల్లగా అట్టబిళ్ళలన్నీ ఎర్రవైపు తిప్పాడు.

"ఎప్పట్నుంచి?" అంది డాక్టరు.

"మొదట్నుంచీ. మొదటిరోజు నీ కళ్ళల్లో నీళ్ళు తిరిగితే చూడలేక అలా అనేశాను. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోవడం చేతకాలేదు."

టీచరమ్మ పకపకా నవ్వింది. డాక్టరు నవ్వలేదు.

"నాకు వంట రాదనుకున్నారా మీరంతా? పదేళ్ళప్పట్నుంచీ మా ఇంట్లో పొయ్యి దగ్గర నేనే. ఆ మొదటిరోజు ఒక్కటే పొరపాటున మాడింది. మిగతా మూడేళ్ళూ ఇతనికిష్టమని కావాలని మాడ్చాను."

లాయరు పొట్ట పట్టుకుని, ఆ మూడేళ్ళ కడుపుమంటకి ఇద్దరి మీదా కేసు వేస్తానన్నాడు. టీచరమ్మ అతన్ని రెక్క పట్టుకుని లేపి, పళ్ళు తెచ్చుకుందాం రమ్మని అవతలికి లాక్కుపోయింది.

ఇద్దరే మిగిలారు. డాక్టరు గొంతు తగ్గించింది గానీ కోపం తగ్గించలేదు.

"మూడేళ్ళు నా ఎదురుగా కూర్చుని అబద్ధం తిన్నావు. ఇక నువ్వేం చెప్పినా నేనెలా నమ్మాలి? ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే, చాలా సంతోషం అన్నావు. అదీ ఇలాంటిదేనా?"

గట్లకి చెప్పిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు అతనికి.

"ఇలాంటిదే. నువ్వు వెళ్ళడం నాకిష్టం లేదు."

ముప్పై ఏళ్ళ బతుకులో ఎవరి ముందూ ఇష్టం లేదన్న మాట అని ఎరగడు. ఒకసారి వచ్చాక ఇక ఆగలేదు.

"వెళ్ళొద్దని మాత్రం అనను. కష్టపడి తెచ్చుకున్నావు. నువ్వెళ్తే నేనూ వస్తాను. అక్కడా పొలాలుంటాయి, గట్టు తగాదాలుంటాయి. నన్ను రావద్దంటే, అదీ నాకిష్టం లేదు."

డాక్టరు అతనివంక చాలాసేపు చూసింది, పన్ను గట్టిదో కాదో తట్టి చూసేటప్పటి చూపుతో. తర్వాత ఫోన్ తీసి వాళ్ళమ్మకి కలిపి, అతని చేతికిచ్చింది.

"ఇప్పుడు నాతో అన్నది అమ్మతో అను. ఒక్క ముక్క మార్చకు."

ఆవిడే ఎదురుగా వచ్చినట్టు లేచి నిలబడ్డాడు సర్వేయరు. చెమటలు కక్కుతూ అంతా చెప్పాడు.

"రెండ్రోజుల్నుంచీ పెట్టె సర్దుతూ ఏడుస్తోంది నాయనా," అంది ఆవిడ. "ఏమిటే అంటే పంటినొప్పి అంది. పళ్ళ డాక్టరుకి పంటినొప్పేమిటా అని నేనూ అనుకుంటూనే ఉన్నాను. సాయంత్రం మీ అమ్మగార్ని తీసుకుని ఇంటికి రా."

ఫోన్ పెట్టేశాక కూడా అతను అలాగే నిలబడ్డాడు.

"ఏమంది?" అనడిగింది డాక్టరు.

"అమ్మని తీసుకుని సాయంత్రం రమ్మంది. నీకు పంటినొప్పట కదా?"

ఆమె ముఖం కిటికీవైపు తిప్పుకుంది. అద్దం మీద వాన జారుతోంది.

"ఇందాకటిదాకా ఉండింది," అంది.