మూడో బ్రాకెట్

వంగిపోయిన ఇనప బ్రాకెట్‌ను హిమజ బల్ల మీదికి విసిరికొట్టింది. ఆ చప్పుడుకు లోపల తిరుగుతున్న గ్రైండర్ ఆగిపోయింది.

"దీన్ని చేసిన మహానుభావుడు ఎవరు?"

బోయిగూడలో కట్టెల డిపోల వెనక సందులో ఉన్న ఆ వెల్డింగ్ షాపులో ఇద్దరే ఉన్నారు. మూలన స్టూలు మీద కూర్చుని గేటుకు రంగు వేస్తున్న పెద్దాయన బ్రహ్మచారి. గ్రైండర్ పక్కన పెట్టి, కళ్ళకున్న నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంటూ లేచి వచ్చినవాడు ఆయన కొడుకు వేణుమాధవ్.

"నేనే మేడం. ఏమైంది?"

"ఏమైందా? నిన్న బోయిన్‌పల్లి మార్కెట్లో ఆనింగ్ మొత్తం ఊడి ఒక పెద్దావిడ భుజం మీద పడింది. అద్దాలు పెట్టించుకుందామని వచ్చిన మనిషి చేతికి పట్టీ కట్టించుకుని వెళ్ళింది. అదండీ అయింది!"

హిమజ ఆప్టోమెట్రిస్ట్. మిగతా రోజులు నేరేడ్‌మెట్‌లోని క్లినిక్‌లో పనిచేసి, మంగళ, శుక్రవారాలు పొద్దున్నే తన పాత వ్యాన్ వేసుకుని కూరగాయల మార్కెట్‌కు వెళ్తుంది. హమాలీలకూ, కూరగాయలమ్మే ఆడవాళ్ళకూ అక్కడే కళ్ళు పరీక్ష చేసి, తక్కువలో అద్దాలు ఇస్తుంది. ఎండకు వాళ్ళు నిలబడలేకపోతున్నారని ఒక ఆనింగ్ కొంది. అది వ్యాన్ పైన క్యారియర్ పక్కన చుట్టి ఉంటుంది, లాగితే పందిరిలా తెరుచుకుంటుంది. గుడ్డ బాగానే దొరికింది కానీ, దాన్ని క్యారియర్‌కు బిగించే బ్రాకెట్ల దగ్గర వచ్చింది చిక్కు. కంపెనీ బ్రాకెట్లు కొనాలంటే ఆనింగ్‌కు పెట్టినంతా మళ్ళీ పెట్టాలి. రాణీగంజ్ హార్డ్‌వేర్ షాపులన్నీ తిరిగినా తన క్యారియర్‌కు సరిపడేవి దొరకలేదు. చివరికి వాళ్ళ నాన్న పద్మనాభం, "నాకొదిలెయ్యమ్మా, సగంలో సగానికి చేయించుకొస్తాను" అని వ్యాన్ తీసుకెళ్ళి, ఈ షాపులో రెండు బ్రాకెట్లు చేయించి, బిగించుకుని వచ్చారు. నిన్న వాన ముందు గాలి లేచింది. అంతే.

వేణుమాధవ్ బ్రాకెట్‌ను చేతిలోకి తీసుకుని, వంగిన చోట బొటనవేలితో తడిమి చూశాడు. ఏదో అనబోయాడు. హిమజ ముఖం వైపు చూసి, నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

"తప్పు నాదే," అన్నాడు.

దారి పొడుగునా పోట్లాటకు మాటలు పేర్చుకుంటూ వచ్చిన హిమజకు ఆ జవాబుతో ఇంకా మండింది.

"తప్పు నాదే అంటే సరిపోతుందా? ఇంత పల్చటి రేకుతో చేస్తారా ఎవరైనా? మీ ఇంట్లో పెద్దవాళ్ళ నెత్తిన ఇలాంటివే వేలాడదీస్తారా?"

"ఆమెకు ఇప్పుడు ఎట్లుంది?"

"ఎముక విరగలేదు, మీ అదృష్టం. రెండు వారాలు చెయ్యి కదపకూడదన్నారు. సరైన బ్రాకెట్లు పెట్టేదాకా పందిరి తెరవడానికి వీల్లేదని మార్కెట్ వాళ్ళు చెప్పేశారు. యాభైమంది ఎండలో నిలబడాలిప్పుడు."

"మందం పట్టీతోని కొత్తవి చేసిస్త మేడం. రెండు కాదు, మూడు. పైసల్ వద్దు."

"మీ చేతి ఇనుము నా బండికి తగలడానికి వీల్లేదు!"

ఆమె గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. వెనక నుంచి బ్రహ్మచారి గొంతు వినబడుతూనే ఉంది. "ఏందిరా, ముచ్చట జెప్పక గట్ల నిలబడ్డవ్?"

*

శుక్రవారం పొద్దున హిమజ వ్యాన్ ఆపేసరికి, మార్కెట్లో ఆ దెబ్బ తగిలిన పెద్దావిడ, బాలమ్మ, పచ్చిమిర్చి కుప్ప పక్కన గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు వేణుమాధవ్. బాలమ్మ ఎడమచెయ్యి పట్టీలో ఉంది, కుడిచెయ్యి గాల్లో ఆడుతోంది. అతన్ని తిడుతోందని దూరం నుంచే తెలుస్తోంది. అతను తల వంచుకుని, ఆమె చెప్పినట్టల్లా తక్కెట్లో మిర్చి పోస్తున్నాడు.

"మీరిక్కడ ఏం చేస్తున్నారు?"

"నేనే కూసోబెట్టిన బిడ్డా," అంది బాలమ్మ. "ఒంటిచేత్తోని నేనెట్ల జోకాలె? నా చెయ్యి ఇరగ్గొట్టినోడు నా పని చెయ్యాల్నా వద్దా? మూడు గంటలకే ఒచ్చిండు, పాపం."

"పాపమా? నీ భుజం మీద పడినప్పుడు పాపం అనిపించలేదా ఎవరికీ?"

"నా భుజం, నా కోపం. ఐపోయింది. కొత్తయి చేసుకొచ్చిండు, బిగియ్యనియ్యి. ఎండల నిలవడేది మేము, నువ్వు కాదు."

హిమజ వ్యాన్ తాళాలు అతని మీదికి విసిరింది.

వేణుమాధవ్ గంటసేపు పని చేశాడు. కొత్త బ్రాకెట్లు వేలంత మందం ఉన్నాయి. మళ్ళీ వంగకుండా ప్రతి మూలకూ ఒక ముక్కోణపు ముక్క అతికించాడు. చివర్లో ఒకటి, ముందు ఒకటి, సరిగ్గా నడుమ మూడోది. ఆనింగ్ ఎత్తి పెట్టేముందు, ఆ మూడు బ్రాకెట్లనూ ఒక్కొక్కటిగా రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు పైకి ముడుచుకుని గబ్బిలంలా వేలాడాడు. వ్యాన్ ఒక పక్కకు ఒరిగింది కానీ, బ్రాకెట్ కదల్లేదు. హమాలీలు ఈలలు వేశారు.

"సర్కస్ అయ్యాక దిగండి," అంది హిమజ.

పదకొండింటికి అనుకోని వాన దంచింది. కళ్ళ పరీక్షకు వచ్చినవాళ్ళూ, రానివాళ్ళూ కలిసి ఇరవైమంది పందిరి కిందికి దూరారు. జనం తోపులాటలో వేణుమాధవ్ సరిగ్గా ఆమె పక్కకే వచ్చి పడ్డాడు. అతను ఆమెను చూడటం లేదు. మెడ వెనక్కి వంచి, నడిమి బ్రాకెట్‌నే రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. గాలి విసిరినప్పుడల్లా అతని చెయ్యి దానంతటదే పైకి లేచి, బాలమ్మ తల మీద అడ్డంగా ఆగుతోంది. అతని కనురెప్పల మీద వాన చుక్క ఒకటి జారకుండా వణుకుతోంది.

'దాన్ని ఎందుకు చూస్తున్నాను నేను?' అనుకుని హిమజ తన మీద తనే కోపం తెచ్చుకుంది. ఆ కోపం అతని మీదికి పోయింది.

"చెయ్యి దించండి. నొప్పి పుడుతుంది."

"పుట్టనియ్యుండ్రి."

*

ఆ తరువాత ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం వేణుమాధవ్ స్పానర్ పట్టుకుని హాజరు.

"నట్లు చూడనీకె ఒచ్చిన మేడం."

"మొన్నేగా చూశారు?"

"బండి నడుస్తె వదులైతయ్."

నట్లు చూడటం పది నిమిషాలు. తరవాత వరుసలో జనాన్ని నిలబెట్టడం, బాలమ్మ సంచులు మొయ్యడం, హిమజ చేత తిట్లు తినడం. ఇంటికి వెళ్ళాక కూడా ఆమె నోటి నిండా అతనే. "ఎంత పొగరో! తిడితే ఒక్క మాట ఎదురు చెప్పడు!" వంటింట్లో ఉన్న తల్లి సీతారత్నం వింటూ "ఊఁ, ఊఁ" అనేది.

మూడు వారాలు గడిచాక, ఒక శనివారం పొద్దున హిమజ ఫోన్‌లో ఏదో టైప్ చేస్తూ అంది: "ఆ షాపు గురించి ఆన్‌లైన్‌లో రాసేస్తున్నాను. ఇంకెవరికీ ఇలా జరగకూడదు."

పద్మనాభం చేతిలోని కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

"రాయకమ్మా."

"ఎందుకు రాయకూడదు?"

"ఆ పల్చటి రేకు వెయ్యమన్నది నేనే."

హిమజ ఫోన్ కింద పెట్టింది.

"మూడు కావాలన్నాడు ఆ అబ్బాయి. మందంగా ఉండాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఏడాదికోసారి పిక్నిక్‌కు తప్ప వాడం అని అబద్ధం చెప్పాను. గాలొస్తే మడిచెయ్యమని మీ ఇంట్లో అందరికీ చెప్పండి సార్ అని రెండుసార్లు అన్నాడు. నేను నీకు చెప్పలేదు. అంత తక్కువకు చేయించానన్న సంబరంలో మర్చిపోయాను."

"మరి బాలమ్మకు దెబ్బ తగిలిందని చెప్పినప్పుడు?"

ఆయన గ్లాసు చేతిలోనే తిప్పుతున్నారు.

"నేను ఈ మూడు వారాలూ అతన్ని అన్నేసి మాటలంటుంటే, మీరు ఇక్కడే కూర్చుని కాఫీ తాగారా నాన్నా?"

"అతనికి ఫోన్ చేశానమ్మా. మా అమ్మాయికి చెప్పావా బాబూ అని అడిగాను. చెప్పలేదు, చెప్పను కూడా సార్, అన్నాడు. నాకు సిగ్గేసింది. కానీ నోరు రాలేదు." గ్లాసు పక్కన పెట్టారు. "మంగళవారం నేను కూడా వస్తాను. బాలమ్మగారికి నేనే చెప్పుకోవాలి."

"రావాల్సిందే!" అని హిమజ తాళాలు తీసుకుంది. ఇంత కోపం ఆమెకు ఎప్పుడూ రాలేదు. సగం నాన్న మీద, సగం తన మీద. ఆ రెండూ కలిపి తీర్చుకోవడానికి మనిషి ఒక్కడే కనబడ్డాడు.

*

"మీరు నన్ను ఏమనుకుంటున్నారు అసలు?"

గ్రైండర్ మళ్ళీ ఆగింది. వేణుమాధవ్ నల్లద్దాలు తీశాడు.

"ఇప్పుడేమైంది మేడం? మళ్ల వంగిందా?"

"మా నాన్న చెప్పారు. అంతా. ఎందుకు చెప్పలేదు మీరు? మొదటి రోజే ఒక్క ముక్క అంటే నేను నోరు మూసుకుని వెళ్ళిపోయేదాన్ని కదా! మూడు వారాలు! మనిషిని ఎన్నెన్ని అన్నాను!"

"చెప్తె ఏమైతుండె? ఇంటికి వోయి మీ నాయినతోని కొట్లాడుతుంటిరి. బిడ్డకు తక్కువల చేయించిన అని ఆ పెద్దమనిషి ఎంత ఖుష్‌గ పోయిండో నేను చూసిన." అతను స్పానర్‌ను బట్టతో తుడుస్తూ కూర్చున్నాడు. "ఇంగోటి. నేను చెప్పింది అబద్ధం గాదు. ఎవలెంత అడిగినా సన్నపట్టీ బిగియ్యొద్దుండె. ఆయనకు ఇనుము గురించి తెల్వదు, నాకు తెల్సు. తప్పు నాదే."

"మళ్ళీ అదే మాట! ఒక్కసారైనా నా మీద అరవలేరా?"

"రాదు."

"సరే. మరి నట్ల సంగతేంటి? వారానికి రెండుసార్లు వదులయ్యే నట్లు నేను ప్రపంచంలో ఎక్కడా చూడలేదు."

వేణుమాధవ్ చెవులు ఎర్రబడ్డాయి. రంగు డబ్బా దగ్గర బ్రహ్మచారి బ్రష్ ఆపి, ఇటే చెవి పెట్టాడు.

"నట్లు మొదటి దినమే గట్టిగ బిగిసినయ్."

"మరి?"

"మీ కోపం తగ్గిపోతె ఇగ నాకు మార్కెట్ల పనేముంటది అనుకున్న. తగ్గకుంటె మంచిగుంటదని రోజు అనుకుంట ఒచ్చిన." ఊపిరి తీసుకున్నాడు. "మీరంటె నాకు ఇష్టం హిమజగారు. తిట్లు సుత."

సందులో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. హిమజ అతని కళ్ళలోకి చూసింది. రోజూ వందమంది కళ్ళలోకి చూసే మనిషి, ఈ రెండు కళ్ళ దగ్గర తడబడి చూపు పక్కకు తిప్పుకుంది.

"నా కోపం తగ్గలేదు," అంది చివరికి.

"ఎరికే."

"ఇప్పట్లో తగ్గదు కూడా."

"తొందరేం లేదు."

ఆమె విసురుగా ఫోన్ తీసి ఇంటికి కలిపింది. "అమ్మా! రేపు భోజనానికి ఒకరొస్తారు. ఎవరా? నేను రోజూ తిడుతున్నానే, ఆయనే!"

అవతల సీతారత్నం గొంతు తాపీగా, షాపంతా వినబడేలా వచ్చింది. "తెలుసులేవే. ఇష్టంలేని మనిషిని ఎవరైనా మూడు వారాలు తిడతారా? మీ నాన్న ఇప్పుడే ఆ అబ్బాయిని ఇంటికి పిలిచి మాట్లాడాలంటున్నారు. వంకాయ తింటాడా కనుక్కో."

హిమజ ఫోన్ దించి వేణుమాధవ్ మీద కళ్ళెర్రజేసింది. "వంకాయ తింటారా?"

"తింట."

"నేను సుత తింట బిడ్డా," అన్నాడు మూల నుంచి బ్రహ్మచారి. "నన్ను పిలుస్తలేవా?"

కోపంగానే ఉండాలని హిమజ పెదవులు బిగపట్టింది. కుదరలేదు. పక్కున నవ్వింది. అంత పెద్ద నవ్వు ఆమెలో ఉందని వేణుమాధవ్‌కు అప్పుడే తెలిసింది.