బొంత మెడలో పట్టీ

స్వామికి చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. మనిషికి నొప్పి పుడితే చెప్పుకోవడానికి నోరుంది, వినడానికి పక్కన ఎవరో ఒకరుంటారు. నోరులేని జీవి తన నొప్పిని ఎక్కడ చెప్పుకుంటుంది? రోజూ పొద్దున్నే దీపం వెలిగించి కళ్లు మూసుకోగానే ఈ ప్రశ్న వచ్చి పక్కన కూర్చుంటుంది. దేవుణ్ణి అడిగితే అపచారమేమోనని భయం. అడగకుండా ఉంటే మనసొప్పదు.

స్వామి అతని అసలు పేరు కాదు. పూజ చేయకుండా గడప దాటడని నర్సమ్మ పెట్టిన పేరు. ఆమె అసలు పేరూ ఎవరికీ పట్టదు. ఒకప్పుడు ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టిన మనిషి, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్. స్వామి ఆమెకు సహాయకుడు. ఆమె చూపు ఎక్కడ ఆగితే అక్కడ ఏదో ఒకటి బయటపడుతుందని అతని గట్టి నమ్మకం.

ఆ రోజు ఆఫీసు తలుపు తీసేసరికే మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి బొటనవేలి నుంచి మణికట్టు దాకా కట్టు. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, తీయడం మరిచిపోయినట్టున్నాడు. లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిస్తే ఎడమచేత్తో తాగుతూ సగం చొక్కా మీద పోసుకున్నాడు.

తాను దర్జీనని చెప్పాడు. ఇంటి ముందుగదే కుట్టుగది, వెనక చిన్న పెరడు. భార్య పోయాక తోడున్నది బొంత అనే ఆడకుక్క. ఒళ్లంతా గోధుమరంగు, తెలుపు, నలుపు అతుకులు వేసినట్టుంటుంది కాబట్టి ఆ పేరు. నిన్న ఆ బొంతే అతని చెయ్యి కరిచింది.

"సాయంత్రం పశువుల డాక్టరొచ్చి దానికి చంపే ఇంజెక్షన్ వేసేస్తాడమ్మా. మావాడు మాట్లాడేశాడు. అది నన్ను కరిచిన మాట నిజమే. కానీ ఊరికే కరవలేదు. ఎందుకు కరిచిందో మీరు చెప్పండి, తర్వాత ఏం చేసినా ఊరుకుంటాను."

నర్సమ్మ సరిగ్గా ఎలా జరిగిందో చెప్పమంది.

"నేను కాజాలు కుడుతున్నా. బొంత కాళ్ల దగ్గర పడుకుంది. మావాడు గుమ్మంలో నిలబడి, 'పట్టీ బిగుసుకున్నట్టుంది, ఓసారి వేళ్లు పెట్టి చూడు నాన్నా' అన్నాడు. వాడికి దాని మీద అంత శ్రద్ధ. ఆ పట్టీ కూడా వాడు కొనిచ్చిందే. నేను రెండు వేళ్లు దూర్చానో లేదో, పట్టుకుంది."

"ఇంట్లో దానంటే గిట్టనిదెవరికి?"

పెద్దాయన నసిగాడు. కోడలికి మొదట్నుంచీ కుక్కంటే పడదట. పై వాటాలో అద్దెకుండే వయొలిన్ మాస్టారికి దాని మొరుగుడంటే ఒళ్లుమంట. కొడుకు మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. వీధి చివర సైకిల్ షాపు నడుపుకుంటాడు.

ముగ్గురూ ఆ ఇంటికి బయల్దేరారు. దారిలో స్వామి మనసు అప్పుడే కోడలి మీద కేసు రాసేసింది.

ఇల్లు ఇరుకుదే కానీ శుభ్రంగా ఉంది. కుట్టుగదిలో గుడ్డల చుట్టలన్నీ నల్లటి రబ్బరు వలయాలతో బిగించి ఉన్నాయి. పాత సైకిల్ ట్యూబును అడ్డంగా కోస్తే వచ్చే ముక్కలు. వంటింట్లో పొట్లాలకూ అవే. మెట్ల మీద ఎదురైన మాస్టారి గొడుక్కీ అదే. అన్నీ కొడుకు షాపు నుంచి వచ్చినవేనని పెద్దాయన చెప్పాడు.

బొంతను పెరట్లో రేకుల కొట్టంలో కట్టేశారు. కొత్త మనుషుల్ని చూసి అది లేవలేదు, మొరగలేదు. తోక మాత్రం నేల మీద రెండుసార్లు కొట్టింది. తల పైకెత్తి, బరువేదో మోస్తున్నట్టు మెడ బిగబట్టుకుని కూర్చుంది. వెనక కాలితో మెడ గోక్కోబోయి, మధ్యలోనే కీచుమని ఆపేసింది. దాని పక్కన బోర్లించిన బకెట్టు మీద నీళ్ల గిన్నె ఉంది. ఆరుబయట కూడా ఒక రకమైన కుళ్లువాసన. నర్సమ్మ ముక్కు ఎగబీల్చి, కొట్టం బయటే గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత లేచి, పశువుల డాక్టరుకు ఫోన్ చేసి సాయంత్రం దాకా ఆగొద్దని, ఇప్పుడే మత్తుమందుతో రమ్మని చెప్పింది. చంపే మందు కాదని రెండుసార్లు చెప్పింది.

డాక్టరు వచ్చేలోగా ఒక్కొక్కర్నీ పలకరించింది.

మాస్టారు దాచుకోలేదు. మొరిగినప్పుడల్లా పైనుంచి నీళ్లు కుమ్మరించానని ఒప్పుకున్నాడు. ఈమధ్య ఆ అవసరం కూడా పడటం లేదన్నాడు. "ఇప్పుడది మొరగదండీ, మూలుగుతుంది. మూలుగు మీద సాధన చేసుకోవచ్చు, మొరుగుడు మీద కష్టం." ఈ మాట అంటూ నవ్వాడు కూడా. స్వామికి ఆ నవ్వు చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

కోడలు వంటింట్లో గిన్నెలు తోముతూ వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది. ఇంటెడు చాకిరీ తనదని, కుక్క బొచ్చు కూరలో పడితే తిట్లూ తనకేనని, ఈ కంపు భరించలేక చస్తున్నానని కడిగేసింది. మరి స్నానం ఎందుకు చేయించలేదని అడిగితే, ఆయనే వద్దన్నారంది. చలికి చెవుల్లో చీము పడుతుందట.

"ఆ నీళ్ల గిన్నె బకెట్టు మీద పెట్టిందెవరు?"

"నేనే. అది వంగలేక నీళ్లన్నీ ఒలకబోస్తుంటే తుడుచుకునేది నేనేగా." గిన్నె మీద పీచు కాసేపు ఆగింది. "సాయంత్రానికి పీడ విరగడవుతుందిలెండి." ఆ ఆఖరి మాట ఎందుకో గట్టిగా పలకలేదు.

కొడుకు షాపు నుంచి పరిగెత్తుకొచ్చినట్టు వచ్చాడు. చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టి, తనే కాఫీ తెచ్చిచ్చాడు. నాన్న చాదస్తానికి మిమ్మల్ని శ్రమపెట్టాడని నొచ్చుకున్నాడు. కుక్కను పెంచడం ఆషామాషీ కాదని, తాను ఎంత జాగ్రత్తగా ఉంటాడో వేళ్లు మడిచి చెప్పుకొచ్చాడు. చాక్లెట్టు, ద్రాక్షపళ్లు, ఉల్లిపాయ నోటికి అందనివ్వకూడదు. మన నొప్పి మాత్రలు దానికి వేయకూడదు. మధ్యాహ్నం రోడ్డు కాలుతుంటుంది, చేతి వెనకభాగం ఆనించి చూసి గానీ నడిపించకూడదు. తలుపులు మూసిన కారులో ఒక్క నిమిషం కూడా వదలకూడదు. ఫోన్ నంబరున్న పట్టీ రాత్రీ పగలూ మెడలోనే ఉండాలి.

"అందుకేనా బకిల్ మీద రివెట్టు కొట్టావు?" అంది నర్సమ్మ కాఫీ ఊదుకుంటూ.

"దొంగలెక్కువయ్యారండీ. నాన్నేమో రోజూ రాత్రి పట్టీ తీసేసేవాడు, తప్పిపోతే ఏం గతి? అందుకే ఎవరూ ముట్టుకోవద్దని ఖరాఖండిగా చెప్పాను." శ్రద్ధగల కొడుకే అనుకున్నాడు స్వామి. అలాంటి మొగుడికి ఇలాంటి పెళ్లామా అని కూడా అనుకున్నాడు.

డాక్టరు వచ్చాడు. మత్తు ఎక్కాక బొంత తల నర్సమ్మ ఒళ్లో వాలిపోయింది. పట్టీ వెడల్పాటిది, లోపల మెత్త కుట్టింది. కత్తెరకు లొంగకపోతే శ్రావణంతో తెంపారు. పట్టీ ఊడగానే వచ్చిన వాసనకు డాక్టరే మొహం తిప్పుకున్నాడు. మెడ చుట్టూ బొచ్చులో ఎర్రటి గాడి, అందులో చీము, పురుగులు. డాక్టరు సన్నటి పట్టకారుతో ఆ గాడిలోంచి ఏదో పట్టి లాగి, కత్తిరించి, పళ్లెంలో వేశాడు. నల్లటి రబ్బరు వలయం. సైకిల్ ట్యూబు ముక్క. రోజుకింత చొప్పున అది మాంసంలోకి దిగబడింది. ఇంకొన్నాళ్లయితే గొంతుగొట్టం దాకా పోయేదని డాక్టరు అన్నాడు.

స్వామి పొద్దుటి ప్రశ్న ఇప్పుడు పక్కన కూర్చోలేదు, గుండెల మీద కూర్చుంది.

గాయం కడిగి మందు పెట్టాక నర్సమ్మ అందర్నీ కుట్టుగదిలోకి పిలిచింది. పళ్లెం మిషను మీద పెట్టింది. పెద్దాయన ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. నేనే తెచ్చి ఈ గదిలో పెట్టుకున్నానే ఈ ముక్కల్ని, అని గొణిగాడు.

"ఈ ముక్కలు ఇంట్లో అందరి దగ్గరా ఉన్నాయి. కాబట్టి ముక్కను బట్టి మనిషిని పట్టుకోలేం," అంది ఆమె. "మాస్టారూ, మీరు మేడ మీంచి నీళ్లు పోసే మనిషి. దాని దగ్గరికి వచ్చి మూతి పట్టుకుని తల మీంచి రబ్బరు తొడిగే ధైర్యం మీకు లేదు. దాని మూలుగు విని కూడా కిందికి దిగిరాలేదు. ఆ పాపం మీదే, ఈ నేరం మీది కాదు."

మాస్టారు గుమ్మం వైపు రెండడుగులు వెనక్కి జరిగాడు.

"కోడలుపిల్ల నోరు మంచిది కాదు. కానీ ఇంత మందిలో బొంత వంగలేకపోతోందని గమనించింది తనొక్కతే. చంపాలనుకునేవాళ్లు నీళ్లు ఎత్తులో పెట్టరు."

కోడలు కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అబ్బాయ్, నువ్వు చెప్పిన జాగ్రత్తలన్నీ నిజమే, ఒక్కటి తప్ప. పట్టీకీ మెడకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. రోజుకొకసారైనా పట్టీ తీసి మెడంతా తడిమి చూడాలి. మీ నాన్న ఏళ్ల తరబడి చేస్తున్నది అదే. నువ్వు మాన్పించావు. ముందు రబ్బరు, దాని మీద పట్టీ, దాని మీద రివెట్టు. స్నానం చేయిస్తే తెలిసిపోతుందని స్నానం వద్దన్నావు."

"మంచికే చెప్పాను. ఎవరో నా మీద కక్షతో..."

"అనుకుందాం. ఎవరూ పట్టీ ముట్టుకోవద్దని ఖరాఖండిగా చెప్పినవాడివి, నిన్న వేళ్లు పెట్టి చూడమని నాన్నకు ఎందుకు చెప్పావు? బిగుసుకుందని అనుమానమొస్తే, పట్టీ బిగించినవాడివి, నువ్వెందుకు చూడలేదు? గుమ్మంలో నిలబడ్డావట. కరుస్తుందని తెలిసినవాడే అంత దూరంలో నిలబడతాడు."

కొడుకు చూపు తండ్రి కట్టు మీద ఆగి, పక్కకు జారింది.

"బొంత ఉన్నన్నాళ్లూ ఈ గది, ఈ పెరడు వదులుకోనని మామయ్య అన్నారు," అంది కోడలు. ఎవరూ అడక్కుండానే అంది. "ఈయనకేమో షాపు ఇక్కడికి మార్చి పెద్దది చేయాలని ఉంది."

"అది రోగమొచ్చి పోతే పెద్దాయన ఇంకో కుక్కను తెచ్చుకుంటాడు. తన చేతినే కరిచి పోతే ఇక కుక్క మాటెత్తడు," అంది నర్సమ్మ. "కరిచింది కుట్టే చేతినే. కుక్కా పోతుంది, కుట్టూ పోతుంది. గది దానంతటదే ఖాళీ."

కొడుకు అప్పుడు నవ్వాడు. పొద్దుటి మర్యాద నవ్వు కాదు. "రబ్బరు ముక్కకి నన్నేం చేస్తారు? అది కుక్క. ఇన్నాళ్లూ దానికి పెట్టిన తిండితో ఒక మనిషిని సాకేవాణ్ణి."

అదే సమయానికి మత్తు దిగిన బొంత తూలుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. మెడకు తెల్లటి కట్టు. అందర్నీ ఒకసారి చూసింది. పెద్దాయన చెయ్యి చాపాడు. అది దారిలో కొడుకు దగ్గర ఆగి, అతని వేళ్లు నాకి, తోక ఊపింది. కొడుకు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, కాలినట్టు. స్వామి తల తిప్పుకున్నాడు. పగ పెట్టుకోవడం కూడా రాని జీవిని ఎందుకు పుట్టించావయ్యా అని లోలోపలే, మొదటిసారిగా, నేరుగా అడిగేశాడు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"షాపు నీది, ఉంచుకో. ఇంటి తాళం ఇటు పెట్టు."

కొడుకు పెళ్లాం వైపు చూశాడు. ఆమె వంగి బొంత ముందు నీళ్ల గిన్నె సర్దుతోంది. రెండోసారి చూసినా తలెత్తలేదు. తాళంచెవి పళ్లెంలో రబ్బరు పక్కన టింగుమని పడింది. తండ్రి చేతికి చేసిన పనికి పోలీసుల దగ్గర ఏం రాయించాలో తాను చూసుకుంటానని నర్సమ్మ అతని వెనకే గుమ్మం దాకా వెళ్లి చెప్పింది.

చలి ముదిరాక ఒక మధ్యాహ్నం స్వామి అటుగా వెళ్తూ కుట్టుగదిలోకి తొంగిచూశాడు. బొంత మెడలో పట్టీ లేదు. బొచ్చు రాని గీత మాత్రం ఉంది. గుడ్డముక్కల మీద తల దించి నిద్రపోతోంది. పెద్దాయన కుడి బొటనవేలు ఇంకా వంగడం లేదు. సూదిని మిగతా వేళ్లతో పట్టుకుని ఒక ముదురు నీలం చలికోటుకు ఆఖరి గుండీ కుడుతున్నాడు.

అది కోడలిదట. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న బట్ట ఇచ్చి, కోటు కుట్టిపెట్టమని అడిగింది. సరేనన్నాడు. తర్వాత మాటామాటా పెరిగి, ఆ బట్ట పెట్టె అడుగునే ఉండిపోయింది. ఆమె మళ్లీ అడగలేదు, ఆయన మళ్లీ తీయలేదు.

దారం కొరికి, కోటు దులిపి, పెద్దాయన లోపలికి కేక వేశాడు. కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చూసి కొంచెంసేపు ముట్టుకోలేదు. భుజం దగ్గర కుట్టు వంకరపోయిందని స్వామికే తెలుస్తోంది, ఆమెకు తెలియకుండా ఉండదు. వేసుకుని గుండీలు పెట్టుకుంది. చేతులు ముందుకు చాపి చూసుకుంది.

"చంకలో పట్టేస్తోంది మామయ్యా."

"ఇలా ఇవ్వు, వదులు చేస్తా," అన్నాడు పెద్దాయన.

ఆమె విప్పలేదు. అలాగే పెరట్లోకి వెళ్లి పని చూసుకుంది.